ముందు నానమ్మ వెళ్ళాలి

మా ఇంట్లో ఎవరూ తాపీ పట్టినవాళ్ళు కాదు. అయినా మా పెరట్లో ఉన్న బాత్రూమ్ మా చేతులతో మేం కట్టుకున్నదే. దాని ఒక గోడ మధ్యలో పొట్ట ముందుకు తోసుకొచ్చినట్టు ఉంటుంది. అది నాన్న కట్టిన గోడ. నిటారుగా నిలబడ్డది అమ్మ కట్టింది. ఈ సంగతి ఎవరైనా ఎత్తితే, ఆ రోజు గాలి అటువైపు కొట్టిందని నాన్న వాదించేవాడు. గాలికి ఇటుకలు వంగుతాయా అని నేను అడిగితే, ఉద్దానంలో గాలి ఏమైనా చేస్తుంది, తుపానప్పుడు నువ్వు చూళ్ళేదా అనేవాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఒక్క నానమ్మే.

ఆ బాత్రూమ్ కట్టింది కూడా నానమ్మ కోసమే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. పలాసకీ సముద్రానికీ మధ్య ఉద్దానం కొబ్బరి తోటల్లో ఉంటుంది మా ఊరు. రెండు గదులు, వెనక వసారా, దాన్ని ఆనుకుని పెరడు, పెరట్లో నుయ్యి. నాన్న పలాసలో జీడిపప్పు బట్టీలో పిక్కలు వేయించే పనికి సైకిలు మీద వెళ్ళేవాడు. అమ్మ బట్టీ నుంచి పప్పు ఇంటికి తెచ్చుకుని దాని మీది పొట్టు తీసేది. మా అక్కని హరిశ్చంద్రపురం ఇచ్చాం. నేను ఇంటర్ చదువుతున్నాను. నాన్నవాళ్ళమ్మ, అంటే మా నానమ్మ, మాతోనే ఉండేది.

ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళందరం తెల్లవారకముందే జీడిమామిడి తోటల్లోకి వెళ్ళి వచ్చేవాళ్ళం. అది కష్టమని అనుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు. అలవాటైపోయింది, కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళం. నానమ్మకి మోకాళ్ళు పట్టేశాక మాత్రం అది కష్టమని తెలిసింది. కర్ర ఊతంతో నడిచేది. కూర్చుంటే లేవలేకపోయేది. తోడు నేను వెళ్ళాలి, చెయ్యి ఇచ్చి లేపాలి. ఎవరి చేతా ఒక గ్లాసు మంచినీళ్ళు కూడా తెప్పించుకోని మనిషి ఆవిడ. మనవరాలు పక్కన కాపలా నిలబడటం ఆవిడకి చచ్చేంత సిగ్గు.

"ఒలే గుంటా, అటు తిరిగి నిల్సో. అలగే మాటాడతండు. ఊరుకోకు," అనేది. మాట్లాడుతూ ఉంటే నేను ఆవిణ్ణి గమనించడం లేదని ఆవిడ నమ్మకం. నేను కాలేజీ సంగతులన్నీ చెట్లకి చెప్పినట్టు చెబుతూ నిలబడేదాన్ని.

ఒకరోజు తోటలో ఆవిడ ఇంకా కూర్చుని ఉండగానే, కొబ్బరికాయలు దింపే మనిషి ఒకడు తోట గట్టు మీంచి సైకిలు మీద వచ్చాడు. నానమ్మ కర్ర మీద లేవబోయి మళ్ళీ కూలబడింది. పైట ముఖం మీదకి లాక్కుంది. అతను తల తిప్పుకునే వెళ్ళిపోయాడు, పాపం అతని తప్పేమీ లేదు. నానమ్మ మాత్రం ఇంటికొచ్చాక కూడా పైట ముఖం మీంచి తియ్యలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మ కనిపెట్టింది. నానమ్మ రాత్రిపూట అన్నం మానేసింది. మంచినీళ్ళు కూడా గొంతు తడుపుకునేంతే తాగుతోంది. అడిగితే ఆకలి లేదంటుంది. అమ్మ ఇది నాన్నకి చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. అన్నం వడ్డిస్తూ మామూలుగా చెప్పింది.

"మీ అమ్మ రేత్రి కూడు మానీసింది. ఎందుకో తెల్సా? తెల్లారి తోటకి ఎల్లాల్సి వత్తాదని."

నాన్న కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి వచ్చి, "కడదాం," అన్నాడు.

ఏంపెట్టి కడదాం అని ఎవరూ అడగలేదు. అప్పు చెయ్యకూడదన్నది నాన్న పట్టుదల. దొరికేవి కొనకూడదు, కొనక తప్పనివి ఒక్కొక్కటే కొనాలి, కూలి మనమే చెయ్యాలి. ఈ మూడు మాటలూ మా ఇంట్లో మంత్రంలా అయిపోయాయి. మేస్త్రిని పిలుద్దామని అంటే చాలు, నాన్నకి కోపం వచ్చేది. "నాలుగు గోడలకి మేస్త్రేటి, రాజుగారి కోటేటి కట్టీత్తన్నామా?" అనేవాడు. ఆ నాలుగు గోడల్లో ఒకటి ఎలా వచ్చిందో ముందే చెప్పాను.

ఇటుకలు మాకు ముందే ఉన్నాయి. అంతకు కొన్నేళ్ళ ముందు తుపానుకి పశువుల శాల గోడ పడిపోయింది. ఆవుని అమ్మేశాక దాన్ని మళ్ళీ కట్టలేదు. ఆ ఇటుకలన్నీ కొబ్బరిమట్టల కింద కుప్పగా పడున్నాయి. వాటికి అంటుకున్న పాత సున్నం గీకి శుభ్రం చెయ్యాలి. ఆ వేసవంతా మా ఇంటి సాయంత్రాలు గీకుడు శబ్దంతోనే గడిచాయి. నాన్న కత్తితో, అమ్మ విరిగిన అట్లకాడతో, నేను మేకుతో. నానమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని పాత కొడవలితో గీకేది. మా అందరికంటే ఆవిడ గీకినవే ఎక్కువ, శుభ్రంగానూ ఉండేవి. నేను గీకిన ఇటుకని చేతిలోకి తీసుకుని, "దీనికి ఇంకా సొక్కా ఇప్పనేదే," అని నవ్వేది. ఆవిడ అంత హుషారుగా ఉండటం చాలా రోజుల తర్వాత చూశాను. రాత్రి అన్నం కూడా తినడం మొదలుపెట్టింది.

మరుగుదొడ్డి బేసిన్ కొనడానికి నాన్నా నేనూ కాశీబుగ్గ వెళ్ళాం. తెల్లగా, కొద్దిగా అంచు విరిగిన బేసిన్ ఒకటి దుకాణంవాడు పక్కన పడేసి ఉంచాడు. అంచు ఎలాగూ సిమెంటులో కూరుకుపోతుంది కదా అని నాన్న బేరం ఆడి దాన్నే తీసుకున్నాడు. సైకిలు వెనక గోనెపట్టా చుట్టి కట్టాడు. ఆయన సైకిలు నడిపిస్తూ, నేను వెనక దాన్ని పట్టుకుంటూ ఊళ్ళోకి నడిచొచ్చాం. దారిలో ప్రతివాడూ ఏంటది, ఏంటది అని అడిగేవాడే. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్నకి సిగ్గన్నది లేదు. "మాయమ్మకి సింహాసనం," అని చెప్పుకుంటూ వచ్చాడు. మా వీధి మలుపు తిరిగేటప్పటికి ఆ మాట మాకంటే ముందే ఇంటికి చేరిపోయింది. నానమ్మ గుమ్మంలో నిలబడి, "ఊరందరికీ సెప్పీసినావేట్రా ఎదవా," అని తిట్టింది. తిడుతూనే బేసిన్ మీద చెయ్యి వేసి, "సల్లగా ఉన్నాది," అంది.

తలుపు కథ నా వేళ్ళకి ఇంకా గుర్తుంది. పలాసలో పాత ఇల్లు పడగొడుతుంటే ఒక టేకు తలుపు నాన్నకి చవగ్గా దొరికింది. ఇసక నేలలో చెదలు ఏ చెక్కనీ బతకనివ్వవు. అందుకని జీడిపిక్కల తొక్కల్లోంచి వచ్చే నల్లటి నూనె ఒక డబ్బాడు బట్టీ నుంచి తెచ్చాడు. ఆ నూనె రాసిన చెక్క జోలికి చెద రాదు. అది ఒంటికి తగిలితే మాత్రం చర్మం ఊడొస్తుంది. బట్టీలో పనివాళ్ళు చేతులకి ముందు కొబ్బరినూనో, బూడిదో పట్టించుకుంటారు. నాన్న అది చెప్పాడు కూడా. నాకు వినే ఓపిక ఎక్కడిది. గుడ్డ ముంచి తలుపంతా రాసేశాను, చాలా గొప్పగా రాశాను. మర్నాటికి నా వేళ్ళు పొంగి వేరుశనగకాయల్లా అయ్యాయి. నానమ్మ రోజూ పొద్దున్నా సాయంత్రం నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాసేది. "నా పని కోసం నీ సేతులు కాల్సుకున్నావు గదే," అనేది. నాకు నొప్పి కంటే ఆ మాటకే ఏడుపొచ్చేది.

వేసవి అయ్యేసరికి పునాది పడింది. మూడు వైపులా గోడలు మోకాలి ఎత్తుకి లేచాయి. గొయ్యి కోసం గుండ్రటి సిమెంటు వరలు బండి మీద తెప్పించి పెరట్లో దింపాం. మా నేలంతా ఇసక, వరలు దించకపోతే తవ్వినంతసేపూ పక్కలు జారుతూనే ఉంటాయి. వచ్చే ఆదివారం గొయ్యి తవ్వుదామని నాన్న పారలు సిద్ధం చేసుకున్నాడు. ఆ శుక్రవారం అక్క పురిటికి వచ్చింది.

ఏడో నెల. అక్కని చూసి అందరం సంబరపడ్డాం. నానమ్మ అక్క తల నిమిరి, పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఆ సాయంత్రమే నాన్నని పిలిచింది.

"ఒరే నాయినా, ఆ గొయ్యి తియ్యకు."

నాన్నకి అర్థం కాలేదు. "ఎందుకే?"

"ఇంట్ల కడుపుతోటున్న పిల్లున్నాది. ఇప్పుడు బూవిని తవ్వకూడదు."

"అమ్మా, ఇది ఇల్లు కాదే, దొడ్డి. దొడ్డికి కూడా అయన్నీ ఏటి?"

"దొడ్డైతేనేటి, మేడైతేనేటి. తవ్వడం తవ్వడమే."

మా వైపు ఈ పట్టింపు అందరికీ ఉంది. ఇంట్లో గర్భిణి ఉంటే కొత్తగా కట్టడం, గొయ్యి తీయడం చెయ్యరు. కానీ మేం కట్టేది మేడ కాదు. పైగా పని మొదలుపెట్టేశాం కదా. నాన్న అదే అన్నాడు. అమ్మ కూడా అన్నది. నేనైతే గట్టిగా అరిచేశాను. "నీకోసమే కదా కట్టేది. నువ్వే వద్దంటావేటి? ఇంకా ఎన్నాళ్ళు తోటలో కూలబడతావు?" అని అడిగాను. అక్క ఏం మాట్లాడాలో తెలియక, "నాను ఎల్లిపోతాన్లే నానమ్మా, గొయ్యి తవ్వడం అయ్యేక వత్తాను," అంది. తొలి కాన్పు పుట్టింట్లో కాక ఎక్కడ జరుగుతుందని నానమ్మ ఆ మాటని కొట్టిపారేసింది.

అప్పుడు చెప్పింది, మా ఎవరికీ తెలియని సంగతి. పెరట్లో నూతి వైపు చూస్తూ చెప్పింది.

"ఆ నుయ్యి మీ తాత తవ్వించినాడు. అప్పుడు నాను కడుపుతోటున్నాను. మా అత్త వద్దంది. ఆయన ఇన్నేదు. నుయ్యిల నీళ్ళు పడ్డాయి. బిడ్డ పుట్టి ఏడవనేదు. మగగుంటడు."

నాన్నకి కూడా తెలియదు, తనకి ముందు ఒక అన్న పుట్టాడని. ఇన్నేళ్ళూ ఆ నూతి నీళ్ళే తోడుకుని తాగాం, వండుకున్నాం, ఆవిడ ఒక్కసారి కూడా చెప్పలేదు. నాన్న లేచాడు. పారలు తీసుకెళ్ళి వసారా మూల పెట్టేశాడు.  నుయ్యికీ బిడ్డకీ సంబంధం లేదని నాకప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆవిడకి ఎదురుగా నిలబడి ఆ మాట ఎవరంటారు.

అలా ఆగింది. మోకాలెత్తు గోడల మధ్య వానకి గడ్డి మొలిచింది. అక్కా నేనూ సాయంత్రాలు ఆ గోడ మీదే కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. వరలు పెరట్లో వరసగా పడి ఉండేవి, వాటిలో కోడి పిల్లల్ని చేసింది. నానమ్మ ఎప్పటిలా కర్ర పట్టుకుని తోటకి వెళ్ళేది, నేనో అమ్మో తోడు. రాత్రి అన్నం మళ్ళీ తగ్గించేసింది. నేను పళ్ళెం ముందు పెట్టి కూర్చునేదాన్ని. "పిల్ల పుట్టనీ, అప్పుడు ఇరగబడి తింతాను," అనేది.

టెక్కలి ఆసుపత్రిలో అక్కకి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. నానమ్మ ఇంట్లో కూర్చునే ఆ కబురు విని, "ఏడిసిందా? బాగా ఏడిసిందా?" అని నాన్నని పదే పదే అడిగింది. ఆ రోజు ఆవిడ ముఖం చూసినవాళ్ళెవరూ ఆవిడ పట్టింపుని తప్పు పట్టలేరు. నేనూ పట్టలేదు.

పురుడు వెళ్ళాక పని మొదలుపెడదామంటే మూఢం వచ్చింది. పంతులుగారు కొన్నాళ్ళు ఆగమన్నారు. ఇన్నాళ్ళు ఆగాం, ఇంకొన్నాళ్ళకేంటని నాన్న అన్నాడు. ఇక్కడే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. గర్భిణి ఉందని ఆగడం నానమ్మ అడిగింది. మూఢమని ఆగమని నానమ్మ అడగలేదు. మొదటిసారి ఆగిన అలవాటుతో మేం రెండోసారి ఆగిపోయాం. మూఢం పోయేసరికి తుపాను వానలు పట్టుకున్నాయి. నాన్న గొయ్యి తవ్వబోతే ఇసక పక్కల నుంచి నీళ్ళు ఊరి, తవ్వినదంతా సాయంత్రానికి పూడిపోయింది.

ఆ వానల్లోనే ఒక పొద్దున నానమ్మ పడిపోయింది. అమ్మ పక్కనే ఉంది, చెయ్యి పట్టుకునే ఉంది. తోట గట్టు మీద తడిసిన జీడిమామిడి ఆకుల మీద కాలు జారి ఇద్దరూ పడ్డారు. అమ్మ లేచింది. నానమ్మ లేవలేదు.

ఆటోలో పలాస, అక్కణ్ణుంచి టెక్కలి తీసుకెళ్ళాం. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదు, ఇంటి దగ్గరే పడుకోబెట్టి కాలికి బరువు కట్టండి, అతుక్కుంటే అదృష్టం అన్నారు. ఇంటికి తెచ్చి వసారాలో మంచం వేశాం. బరువు కోసం నాన్న పెరట్లోకి వెళ్ళి కుప్పలోంచి రెండు ఇటుకలు తెచ్చాడు. కాలికి పట్టీ చుట్టి, తాడుతో ఆ ఇటుకలు మంచం కోడు మీంచి వేలాడదీశాడు. నానమ్మ వాటివంక చూసి, "ఇయి నాను గీకినయే," అంది. నాన్న పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన ఎవరి మాటా వినలేదు. ముహూర్తం లేదు, వారం లేదు. వానలు కాస్త తెరిపి ఇవ్వగానే గొయ్యి తవ్వాడు. అమ్మ ఇసక తోడింది, నేను తట్టలు మోశాను. అక్క పసిపిల్లని నానమ్మ పక్కన పడుకోబెట్టి వచ్చి, వరలు దించడానికి తాడు పట్టింది. బట్టీ నుంచి రాగానే నాన్న తాపీ పట్టుకునేవాడు. గోడలు లేచాయి. సిమెంటు రేకుల్లో ఒకదానికి పగులుంటే తారు పూసి కప్పాం. నల్లగా మెరిసే నా తలుపు బిగించాం. వసారాలో మంచం మీంచి నానమ్మకి పెరడు కనపడేది. అక్కణ్ణుంచే అజమాయిషీ చేసేది. "ఆ గోడ పొట్ట పెంచుకుంతంది సూడరా," అని నాన్నని ముందే హెచ్చరించింది. ఆయన వినలేదు.

ఆవిడ కూర్చుంటే లేవలేదు కదా. దానికి నాన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. గోడలో అడ్డంగా ఒక ఇనప గొట్టం పెట్టి, దాని నుంచి లావుపాటి కొబ్బరి తాడు వేలాడదీశాడు. పట్టు దొరకడానికి దానికి ముడులు వేశాడు. తనే దాన్ని పట్టుకుని వేలాడి, కూర్చుని, లేచి చూశాడు. తర్వాత అమ్మ చేత చేయించి చూశాడు. నా చేతా చేయించాడు. తలుపుకి లోపలి గడియ కూడా కింద పెట్టాడు, కూర్చున్న మనిషికి అందేలా. తోడు ఎవరూ నిలబడక్కర్లేదు, ఎవరూ చెయ్యి ఇవ్వక్కర్లేదు. నానమ్మకి కావలసింది అదే. ఆ తాడు సంగతి ఆవిడకి చెప్పాం. "దానికి పీసు లేకుండా సేయండి, సేతికి గీసుకుంతాది," అంది.

అంతా అయిన రోజు సాయంత్రం నాన్న ఒక మాట అన్నాడు. "ముందు అమ్మ ఎల్లాల. ఆ తరవాతే మనం."

మా అందరికీ ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకైతే అంతకంటే న్యాయమైన మాట ఇంకోటి ఉండదనిపించింది. ఆవిడ కోసం కట్టింది, ఆవిడ చేత మొదలవ్వాలి. కాలు అతుక్కోగానే ఇద్దరం చెరో పక్క పట్టుకుని తీసుకెళ్ళి, లోపల వదిలి, తలుపేసుకోమని బయటికి వచ్చేస్తాం. నేను ఆ రోజుని తలుచుకుని మురిసిపోయేదాన్ని. నాన్న తలుపుకి బయట తీగ చుట్టి ముడేశాడు, ఎవరూ మరిచిపోయి వెళ్ళకుండా.

నానమ్మే కోప్పడింది. "పిచ్చోడా, నా కాలు ఎప్పుడతుక్కుంతాదో. ఆళ్ళని ఎల్లనీ. బాలింత పిల్ల ఉన్నాది, దాన్ని తోటలకి తిప్పుతావేటి?"

"నువ్వు బేగి లెగు. అప్పుడు అందరం ఎల్తాం," అన్నాడు నాన్న.

కోప్పడింది కానీ లోపల సంతోషపడింది. నాకు తెలుసు. రోజూ పొద్దున్నే నన్ను పిలిచి, "సూడు, బొటనేలు కదుపుతున్నాను," అని చూపించేది. అన్నం తినేది. మంచంలోనే అన్నీ జరుగుతున్నందుకు రోజూ ఒకసారి కుమిలిపోయేది, "ఇంకెన్ని రోజులులే," అని తనే ఊరడించుకునేది. కాలు పరీక్షించడానికి నాన్న ఇటుకలు విప్పినప్పుడల్లా ఆ కాలు రెండో కాలికంటే కొంచెం పొట్టిగా కనపడేది. ఆ సంగతి మేం ఒకరితో ఒకరం అనుకోలేదు.

ఆ చలికాలమంతా మేం పెరట్లో కొత్త బాత్రూమ్‌ని దాటుకుని, తెల్లవారకముందే తోటలకి వెళ్ళాం. అమ్మ వెళ్ళింది. అక్క పసిపిల్లని వదిలి, బాలింత ఒంటితో వెళ్ళింది. వీధిలోవాళ్ళు నవ్వారు. కట్టుకుని తాళం వేసుకున్నారేటి, దేవుడి గుడా అని అడిగారు. మేం కూడా నవ్వేవాళ్ళం. మాకు అది గర్వంగా ఉండేది.

జీడిమామిడి పూత వస్తున్న రోజుల్లో నానమ్మకి జ్వరం వచ్చింది. మంచంలో వీపు పుళ్ళు పడ్డాయి. వారం తిరక్కుండానే పోయింది. పోయే ముందు పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఒకసారి మంచినీళ్ళు అడిగింది. అమ్మ గ్లాసు పెడితే మొత్తం తాగింది.

ఇల్లు నిండిపోయింది. చుట్టాలు టెక్కలి నుంచి వచ్చారు, బారువ నుంచి వచ్చారు, అక్క అత్తవారివైపు నుంచి వచ్చారు. అంతమంది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. ఎవరో ఒకావిడ, దొడ్డికి ఎక్కడికి వెళ్ళాలని అమ్మని చెవిలో అడిగింది. నాన్న అప్పటికి శ్మశానం నుంచి తిరిగి రాలేదు. అమ్మ కత్తి తీసుకెళ్ళి తలుపుకి చుట్టిన తీగని తెంపింది. నేను అడ్డుపడ్డాను. "నాన్న వద్దన్నాడు కదా," అన్నాను. ఎంత అర్థం లేని మాటో నాకే వినపడింది.

"మనిసే నేదు. ఇంకెవరి కోసమే," అంది అమ్మ.

అమ్మ తలుపు తీసింది. లోపల అంతా కొత్తగా, సిమెంటు వాసనతో ఉంది. తాడు పీచు లేకుండా నున్నగా చేసి ఉంది, నాన్న కొవ్వొత్తి రుద్ది మరీ చేశాడు. ఆ రోజు నుంచి ఆ తలుపు ముందు చెంబులు పట్టుకుని ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. లోపలి నుంచి గడియ పడుతున్న శబ్దం పొద్దున్నుంచీ వినపడుతూనే ఉండేది.

నాన్నకి ఒక అక్క ఉంది. ఖరగ్‌పూర్‌లో ఉండేది, మావయ్యకి రైల్వేలో పని. నానమ్మ పడిపోయాకే ఆ బాత్రూమ్ పూర్తయిందని ఆవిడకి తెలియదు. కబురు అంది, రైలు దొరికి, ఆవిడ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మని ఆఖరి చూపు చూడలేదని రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు పొద్దున్న అత్త బాత్రూమ్ నుంచి బయటికి వచ్చింది. నాన్న నూతి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. అమ్మా నేనూ అక్కడే గిన్నెలు తోముతున్నాం. అత్త మాత్రం ఆ పొద్దున మొదటిసారి కాస్త తేలిగ్గా కనపడింది.

"ఒరే తమ్ముడూ, ఎంత బాగా కట్టించినావురా. ఆ తాడు, ఆ గడియ, అన్నీ అమ్మ కోసమే కదా. ఎవలు సేత్తారురా ఈ రోజుల్లో. అమ్మ తోటలెమ్మట తిరగనేక ఏడిసేది. పోనీ, ఆకరికైనా సుకపడింది."

నేను నోరు తెరిచాను. అమ్మ మసి చేత్తోనే నా మోచెయ్యి పట్టుకుంది. నాన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఆఁ," అన్నాడు. "సుకపడింది అక్కా."

అత్త ఆ మాట పట్టుకుని ఖరగ్‌పూర్ వెళ్ళిపోయింది. అక్కడ అందరికీ చెప్పుకుంది. తర్వాత వచ్చిన చుట్టాలు కూడా అదే అనేవాళ్ళు, మేం కూడా ఊఁ అనేవాళ్ళం. ఆ అబద్ధాన్ని మేం ఎప్పుడూ దిద్దలేదు. అక్క ఒక్కసారి నాతో, "నాను ఆ శుక్రారం రాకపోయుంటే," అని మొదలుపెట్టి ఆపేసింది. అక్క తప్పేముంది. నానమ్మ తప్పు కూడా నాకు కనపడదు, ఆవిడ భయం ఆవిడది. ఆవిడ కూర్చుని లేవలేని రోజుల్లో మేం మూఢం చూసుకున్నాం. ఆవిడ వెళ్ళండని చెప్పినా వెళ్ళకుండా తీగ చుట్టాం. దాన్ని మేం ప్రేమ అనుకున్నాం, ప్రేమే కూడా. అది మా నానమ్మకి ఒక్క పూటకి కూడా పనికి రాలేదు.